అడిగిన మాట వెనక ఉన్న పని

ఇంటర్నెట్‌లో పాత తెలుగు పుస్తకాలు వెతికే అలవాటున్న వాళ్ళకి డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా బాగా గుర్తుంటుంది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి గారి పది లక్షల పుస్తకాల సంకల్పంలోంచి పుట్టిన ప్రాజెక్టు అది. బెంగళూరు ఐఐఎస్సీ, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ లాంటి సంస్థలు అందులో పాలుపంచుకున్నాయి. వేల తెలుగు పుస్తకాలు, మరోచోట దొరకనివి, అక్కడ ఉండేవి. చదవడమే కష్టం. ఒక్కో పేజీ ఒక్కో టిఫ్ బొమ్మగా తెరుచుకునేది. అది కనపడాలంటే బ్రౌజర్‌లో ఇంకో ప్లగిన్ పెట్టుకోవాలి. పుస్తకాల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, ఎక్కించినవారికి తోచిన స్పెల్లింగుతో ఉండేవి.

పాఠకులు ఊరుకోలేదు. పేజీలన్నీ ఒక్కసారే దించుకుని ఒకే పీడీఎఫ్‌గా చేసుకునే చిన్న ప్రోగ్రాములు కొందరు రాసి పదిమందికీ పంచారు. తెలుగు వికీపీడియాలో పనిచేసేవాళ్ళు ఆ పుస్తకాల పేర్లను ఓపిగ్గా తెలుగు లిపిలో రాసి, రచయితల పేర్లతో, లంకెలతో జాబితాలు తయారుచేశారు. తర్వాత ఆ పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌కి చేరాయి. వాటి చిరునామాల్లో డీఎల్ఐ 2015 అన్న గుర్తు ఇప్పటికీ కనిపిస్తుంది.

ఆ రెండు పనుల్నీ ఇంకోలా చదవండి. పుస్తకమంతా ఒక్క ఫైలుగా ఇవ్వండి అన్నది ఒక విన్నపం. తెలుగులో వెతకనివ్వండి అన్నది ఇంకొకటి. ఎవరి దగ్గరా అర్జీ పెట్టకుండా, పాఠకులు తమ చేతులతో చేసి చూపించిన విన్నపాలవి. సాఫ్ట్‌వేర్‌లో ఏం చేర్చాలో తెలుసుకోవాలంటే ముందు చూడాల్సింది జనం ఏం అడుగుతున్నారన్నది కాదని నేను గట్టిగా నమ్ముతాను. మీ సాఫ్ట్‌వేర్ చెయ్యని పనిని వాళ్ళు ఇప్పుడెలా నెట్టుకొస్తున్నారో చూడాలి. ఈ అధ్యాయమంతా ఆ చూపు అలవాటు చేసుకోవడం గురించే.

అప్పనపల్లినే తీసుకుందాం. కోనసీమలో వైనతేయ గోదావరి గట్టున, మామిడికుదురు మండలంలో ఉన్న ఊరు. బాలబాలాజీ గుడికి వచ్చేపోయే జనంతో ఎప్పుడూ సందడిగా ఉంటుంది. ఆ ఊళ్ళో నలుగురు కుర్రాళ్ళు, ఒక రిటైరైన మాస్టారు కలిసి డీస్పేస్ మీద చిన్న డిజిటల్ గ్రంథాలయం పెట్టారనుకోండి. డీస్పేస్ అంటే అమెరికాలోని ఎంఐటీ, హెచ్‌పీ ల్యాబ్స్ కలిసి 2002లో విడుదల చేసిన ఉచిత సాఫ్ట్‌వేర్. మన దేశంలో పరిశోధన గ్రంథాలను నిలవచేసే శోధ్‌గంగ కూడా దాని మీదే నడుస్తోంది. మన కుర్రాళ్ళు అందులో ఏం పెడతారు? ఇళ్ళల్లో అటకల మీదున్న పంచాంగాలు, గుడి పాత ఫొటోలు, మామిడికుదురులోనే 1911లో పుట్టిన కవి బోయి భీమన్న గారి పుస్తకాల వివరాలు, 1996 నవంబరు తుపాను నాటి పత్రికల కత్తిరింపులు, పక్కనే పాశర్లపూడిలో 1995 జనవరిలో ఓఎన్‌జీసీ బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండినప్పటి ఫొటోలు. సామగ్రికి లోటు లేదు. ఆర్నెల్లు తిరిగేసరికి విన్నపాలు మొదలవుతాయి.

మొదటి విన్నపం ఒక పెద్దాయన నుంచి వస్తుంది. "బాబూ, ఆ పెట్టెలో నేను మాట్టాడితే పుస్తకం వచ్చేలా చెయ్యండి." కుర్రాడు వెంటనే మాటను గుర్తుపట్టే ప్రోగ్రాముల గురించి, సర్వర్ ఖర్చు గురించి ఆలోచించడం మొదలుపెడతాడు. అక్కడ ఆగి ఒక్క మాట అడగాలి: "తాతగారూ, కిందటిసారి దేనికోసం వెతికారు? ఎలా వెతికారు? కొంచెం చూపిస్తారా?" పెద్దాయన ఫోన్ తీస్తారు. తెలుగు కీబోర్డులో ఒత్తులు ఎక్కడున్నాయో ఆయనకు తెలియదు. అదే కీబోర్డు మీద మైకు బొమ్మ ఉందని, దాన్ని నొక్కి తెలుగులో మాట్లాడితే అక్షరాలు పడతాయని కూడా తెలియదు. నొక్కి చూపిస్తే అక్కడితో పని అయిపోతుంది. కోడ్ ఒక్క అక్షరం రాయక్కర్లేదు. సైటు మొదటి పేజీలో ఆ సంగతి రెండు వాక్యాలు, ఒక బొమ్మ పెడితే చాలు.

ఇలా అడగడం వినడానికి తేలిగ్గా ఉంటుంది, అలవాటు కావడానికి మాత్రం సమయం పడుతుంది. సాఫ్ట్‌వేర్ తెలిసినవాడి బుర్ర విన్నపం వినగానే పరిష్కారం వైపు పరుగెడుతుంది. దాన్ని పట్టి వెనక్కి లాగాలి. "మీకేం కావాలి?" అని అడిగితే మనిషి ఊహించి చెబుతాడు. "కిందటిసారి ఏం చేశారు?" అని అడిగితే జరిగింది చెబుతాడు. ఊహకీ జరిగినదానికీ మధ్య చాలా దూరం ఉంటుంది. నాకు తెలిసి ఈ పనిలో అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చేది ఈ ఒక్క ప్రశ్నే. అది నోటికి వచ్చేదాకా మిగతా పద్ధతుల జోలికి వెళ్ళనక్కర్లేదు.

రెండో విన్నపం కువైట్ నుంచి. కోనసీమలో గల్ఫ్‌కి మనుషులు వెళ్ళని వీధి అరుదు. అక్కడ పనిచేసే ఒకావిడ వాట్సాప్‌లో పెడుతుంది: "డౌన్‌లోడ్ అవ్వట్లేదండీ, సైటు స్పీడు పెంచండి." సర్వర్ చూస్తే బాగానే ఉంది. ఇక్కడా అదే ప్రశ్న. ఆవిడ వెతికింది పెళ్ళిపాటల పుస్తకంలో ఒకే ఒక్క పాట కోసం. దానికి రెండు వందల ఎంబీల పీడీఎఫ్ మొత్తం దించుకోవాల్సి వస్తోంది, నెలాఖరుకి డేటా అయిపోతోంది. అందుకని ఊళ్ళో ఉన్న మేనకోడలికి ఫోన్ చేసి, ఆ పేజీ ఫొటో తీయించి తెప్పించుకుంటోంది. ఆ మేనకోడలి ఫొటోయే మీకు కావలసిన సమాచారం. ఆవిడకి కావలసింది వేగం కాదు, ఒక్క పేజీ. స్కాన్ చేసిన బొమ్మలను పేజీ పేజీగా చూపించే ఐఐఐఎఫ్ అనే పద్ధతి ఒకటి ప్రపంచమంతా వాడుకలో ఉంది. డీస్పేస్ ఏడో వెర్షన్ల వరసలో దానికి తోడ్పాటు వచ్చేసింది. అంటే ఈ సదుపాయం కొత్తగా రాయాల్సిన పని లేదు, ఉన్నదాన్ని తెరిచి అమర్చుకోవాలి. బొమ్మలను పేజీలుగా విడదీసి మళ్ళీ ఎక్కించే శ్రమ ఉంటుంది, అది వేరే లెక్క.

వినగానే అన్నీ ఒకేలా కనిపించే విన్నపాల్లో చాలా రకాలుంటాయి. కొన్ని ఉన్న సదుపాయం తెలియక అడిగేవి. కొన్ని ఉన్నది పాడైందని చెప్పేవి. కొన్ని సాఫ్ట్‌వేర్‌కి సంబంధమే లేనివి. "పాత గుడి ఫొటోలు, కొత్త గుడి ఫొటోలు వేరువేరుగా చూపించండి" అని ఒక యాత్రికుడు అడిగితే అది కొత్త ఫీచర్ అనిపిస్తుంది. ఫొటోల వివరాల్లో ఏ గుడో ఎవరూ రాయలేదన్నది అసలు సంగతి. ఒక సాయంత్రం కూర్చుని రాస్తే సరిపోతుంది. నిజమైన కొత్త ఫీచర్లు ఇవన్నీ తీసేశాక మిగిలేవే. అవి మీరు అనుకున్నదానికన్నా తక్కువ ఉంటాయి, అనుకున్నదానికన్నా కష్టంగానూ ఉంటాయి.

ఆ కష్టమైనవాటి దగ్గరికి వెళ్దాం. తెలుగు గ్రంథాలయాలకు సంబంధించినంతవరకు అవి చాలామటుకు వెతుకులాట చుట్టూ తిరుగుతాయి. ఇక్కడ నిదానంగా నడవాలి, ఎందుకంటే ఇవి ఏ అమెరికా విశ్వవిద్యాలయం నుంచీ రావు. మనం చెప్పకపోతే చెప్పేవాళ్ళు లేరు.

కాలేజీ విద్యార్థి "గ్రంధాలయం" అని కొడతాడు. పుస్తకం అట్ట మీద "గ్రంథాలయము" అని ఉంది. థ, ధ యంత్రానికి వేరువేరు అక్షరాలు, కాబట్టి ఏమీ రాదు. పాత పుస్తకంలో "వాఁడు" అని అరసున్నతో ఉంటుంది. ఇవాళ్టి పాఠకుడి ఫోన్‌లో అరసున్న ఎక్కడుందో అతనికి తెలియదు. "ఋషి", "రుషి". "సుబ్రహ్మణ్యం", "సుబ్రమణ్యం". ఊరి పేరే చూడండి, అప్పనపల్లి అనేవాళ్ళు, అప్పనపల్లె అనేవాళ్ళు ఇద్దరూ ఉన్నారు. విద్యార్థి మాత్రం మీ దగ్గరికొచ్చి "మీ సైట్లో ఏ పుస్తకాలూ లేవండీ" అంటాడు. అది ఫిర్యాదులా వినిపిస్తుంది. వెతికే యంత్రం ఈ జంటల్ని ఒకటిగా చూడాలన్నది అందులో ఉన్న విన్నపం. డీస్పేస్ వెనక వెతికే పని చేసే సోలర్‌కి, దానికి ఆధారమైన లూసీన్‌కి భారతీయ భాషల అక్షరాలను సరిదిద్దే భాగాలు ఉన్నాయి. వాటిని తెరిచి చూసి, మన జంటల్లో ఏవి కలుస్తున్నాయో ఏవి కలవడం లేదో ఒక్కొక్కటే పరీక్షించాలి. కలవనివాటికి సమానపదాల జాబితా ఇచ్చుకోవచ్చు.

ఆ జాబితా ఎక్కడ దొరుకుతుంది? ఏ నిఘంటువులోనూ కాదు. ఫలితాలు సున్నా వచ్చిన వెతుకులాటల చిట్టా తీయండి. జనం ఏం కొట్టి, ఏమీ దొరక్క వెళ్ళిపోయారో అందులో ఉంటుంది. ఎవరు కొట్టారో దాచుకోవద్దు, ఏం కొట్టారన్నది చాలు. వారానికోసారి ఆ చిట్టాని కాగితం మీద అచ్చు తీసుకుని మాస్టారి చేతిలో పెట్టండి. భీమన్న గారి పేరే ఇంగ్లీషు అక్షరాల్లో ఒకరు డబుల్ ఈతో, ఒకరు ఒక్క ఐతో, ఇంకొకరు బి పక్కన హెచ్ లేకుండా కొట్టి ఉంటారు. నోరు తెరిచి అడగని పాఠకుల విన్నపాలు వినడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు.

కాలాల సంగతి ఇంకా చిత్రం. పంచాంగం మీద "శోభకృత్ నామ సంవత్సరం" అని ఉంటుంది. డేటా ఎక్కించే ఫారం మాత్రం ఇంగ్లీషు సంవత్సరం అంకెల్లో అడుగుతుంది. శోభకృత్ 1903లో వచ్చింది, 1963లో వచ్చింది, 2023లో వచ్చింది. అరవై ఏళ్ళకోసారి తిరిగొచ్చే పేరు అది. కాగితం రంగు, అచ్చు తీరు చూసి ఏ శోభకృతో తేల్చాలి. తేల్చాక అంకె ఒకచోట, సంవత్సరం పేరు ఇంకోచోట రాసుకునే వీలుండాలి. "మా నాన్నగారు శోభకృత్‌లో పుట్టారు, ఆ ఏటి పంచాంగం కావాలి" అని పురోహితుడు అడిగే మాట అలాగే దొరకాలి. ఇది నిజమైన కొత్త విన్నపం. వివరాల పట్టికలో ఒక గడి పెంచితే చాలావరకు తీరుతుంది.

ఇక ఎవరూ అడగనివాళ్ళున్నారు. పుస్తకాలు ఎక్కించే అమ్మాయి రోజూ మీ సాఫ్ట్‌వేర్ ముందు గంటల తరబడి కూర్చుంటుంది. పాఠకులు వందలమంది, తను ఒక్కతే. ఓట్లు పెడితే తన మాట ఎప్పటికీ పైకి రాదు. అందుకే విన్నపాలకు ఓట్లు పెట్టి వరస తేల్చడం నాకు నచ్చదు. ఓట్లు గొంతున్నవాళ్ళని చూపిస్తాయి, ఎక్కువ సేపు ఇబ్బంది పడేవాళ్ళని చూపించవు. ఆ అమ్మాయి పక్కన ఒక పూట కూర్చోండి. ఫారంలో రచయిత పేరుకి రెండు గడులుంటాయి, ఒకటి లాస్ట్ నేమ్, ఒకటి ఫస్ట్ నేమ్. "బోయి భీమన్న"లో చివర వచ్చేది భీమన్న కదా అని తను లాస్ట్ నేమ్‌లో భీమన్న అని రాస్తుంది. తన ముందు పనిచేసిన కుర్రాడు ఇంటిపేరు కదా అని అక్కడ బోయి అని రాశాడు. ఫలితంగా రచయితల జాబితాలో ఒకే మనిషి ఇద్దరయ్యారు, ఒకరు బ అక్షరం కింద, ఒకరు భ కింద. తను దీనికి విరుగుడుగా ఒక కాగితం రాసి కంప్యూటర్‌కి అంటించుకుని ఉంటుంది: ఇంటిపేరు మొదటి గడిలో. ఆ కాగితమే విన్నపం. గడుల మీది మాటలు మార్చి "ఇంటిపేరు", "పేరు" అని పెడితే ఆ కాగితం ఊడిపోతుంది. డీస్పేస్‌లో ఈ మాటలన్నీ విడి భాషా ఫైలులో ఉంటాయి. ప్రోగ్రామర్ కానివాళ్ళు కూడా మార్చగలరు.

పక్కన కూర్చోవడం మనకి కొత్త సంప్రదాయం కాదు. 1935లో పాతూరి నాగభూషణం గారు పుస్తకాలను పడవలో పెట్టి, కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలవ మీద తిప్పారు. చదివేవాళ్ళు ఎక్కడుంటే పుస్తకం అక్కడికి వెళ్ళింది. వెళ్ళినప్పుడు చేతికి పుస్తకం ఇవ్వడంతో పాటు, ఏ ఊళ్ళో ఏది అడుగుతున్నారో కూడా తెలిసి ఉండాలి. హైదరాబాద్‌లో తయారైన న్యూజెన్‌లిబ్ కథ కూడా ఈ కోవలోదే. వెరస్ సొల్యూషన్స్ కోడ్ రాస్తే, కేశవన్ ఇన్‌స్టిట్యూట్‌లోని గ్రంథాలయ శాస్త్ర నిపుణులు పని ఎలా జరుగుతుందో చెప్పారు. 2008 జనవరిలో దాన్ని అందరికీ ఉచితంగా తెరిచేశారు. పుస్తకాల పని తెలిసినవాడు, కోడ్ తెలిసినవాడు ఒకే బల్ల దగ్గర ఉంటే సగం విన్నపాలు రాయకముందే అర్థమవుతాయి.

రాసే సంగతి. ఎక్సెల్ షీటు మంచిదే, కానీ మొదట ఒక నోటు పుస్తకం పెట్టుకోమంటాను. అందులో మనిషి మాటను ఆ మనిషి అన్నట్టే రాయండి. "సైటు స్పీడు పెంచండి" అన్నదాన్ని "పనితీరు మెరుగుదల" అని మార్చి రాశారంటే కువైట్ ఆవిడ, పెళ్ళిపాట, మేనకోడలి ఫొటో అన్నీ మాయమైపోతాయి. మాట కింద ఆ మనిషి చేస్తున్న పని ఏమిటో రాయండి. దాని కింద, ప్రస్తుతం ఆ పనిని ఎలా నెట్టుకొస్తున్నారో రాయండి. ఈ మూడో వాక్యం ఖాళీగా ఉన్న విన్నపాన్ని కొన్నాళ్ళు పక్కన పెట్టొచ్చు. ఏ మారుమార్గమూ వెతుక్కోనివాడికి ఆ అవసరం అంత తీవ్రంగా లేదని నా అంచనా. దీనికి ఒక మినహాయింపు ఉంది. వెతుక్కోవడానికి వీల్లేక పూర్తిగా వదిలేసినవాళ్ళు ఉంటారు, ముఖ్యంగా చూపు సరిగా లేనివాళ్ళు. వాళ్ళ పేజీ ఖాళీగా ఉందంటే అవసరం లేదని కాదు. వాళ్ళ ఇంటికి వెళ్ళి అడగండి.

కొన్నిటికి కాదని చెప్పాలి. ఇది చాలామందికి చేతకాదు, ముఖ్యంగా మన ఊళ్ళల్లో అడిగినవాడు బాబాయో మాస్టారో అయినప్పుడు. "చూద్దామండీ" అని తప్పించుకుంటాం. ఆ "చూద్దాం" విన్నవాళ్ళు మళ్ళీ అడగరు, మీరు చూడరని వాళ్ళకి తెలిసిపోతుంది. సూటిగా, గౌరవంగా చెప్పండి: "మాస్టారూ, మీరు అడిగిన చర్చా వేదిక ఈ ఏడు పెట్టలేమండీ. దాన్ని రోజూ చూసే మనిషి మా దగ్గర లేరు. మీరు చూస్తానంటే మళ్ళీ మాట్లాడుకుందాం." కారణం చెప్పిన కాదనే మాట మనిషిని దూరం చెయ్యదు. కొన్నిసార్లు ఆ మనిషే పనికి ముందుకొస్తారు.

మీ చేతిలో లేనివి పైకి పంపాలి. డీస్పేస్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఎవరైనా విన్నపం పెట్టొచ్చు. మనవాళ్ళు రెండు కారణాల వల్ల పెట్టరు: ఇంగ్లీషు భయం, ఇది మన స్థాయి కాదన్న సంకోచం. రెండూ అక్కర్లేదు. విన్నపం ఎలా రాస్తారన్నదే ముఖ్యం. "తెలుగు సరిగా పనిచేయడం లేదు" అని రాస్తే అవతలివాడు ఏమీ చెయ్యలేడు. ఒక విన్నపానికి ఒకటే విషయం రాయండి. ముందే ఎవరైనా అడిగారేమో చూడండి, అడిగి ఉంటే మీ ఉదాహరణ అక్కడే చేర్చండి. మీ వెర్షన్ ఏదో రాయండి. తెలుగు చదవలేని ప్రోగ్రామర్‌కి అర్థమయ్యేలా, ఏ అక్షరం కొడితే ఏది రావాలో, ఇప్పుడు ఏది వస్తోందో, ఆ అక్షరాల యూనికోడ్ సంఖ్యలతో సహా చూపించండి. అరసున్న 0సి01, సున్న 0సి02. ఈ రెండు సంఖ్యలు చూపిస్తే అవతలివాడికి తేడా వెంటనే పట్టుబడుతుంది. పరిష్కారం ఇలా ఉండాలని శాసించకండి. పని ఏమిటో చెప్పండి. ఇంటిపేరు గడుల సంగతే చూడండి, వియత్నాం వాళ్ళలాగో హంగేరీ వాళ్ళలాగో ఇంటిపేరు ముందు రాసుకునే ఇంకో దేశం వాళ్ళకీ అదే బాధ ఉండొచ్చు, వాళ్ళూ వచ్చి కలుస్తారు.

నోటు పుస్తకం నిండాక పారెయ్యకండి. డీస్పేస్ ఏడో వెర్షన్ 2021లో వచ్చినప్పుడు పాత తెరలు, అంటే జేఎస్‌పీయూఐ, ఎక్స్‌ఎంఎల్‌యూఐ రెండూ పోయి, ఆంగ్యులర్ మీద కట్టిన కొత్త తెర వచ్చింది. పాత తెర మీద చేసుకున్న సొంత మార్పులు వాటంతట అవి కొత్తదానికి రావు. ఏది తిరిగి చెయ్యాలో, ఏది వదిలెయ్యాలో తేల్చడానికి కోడ్ చూస్తే సరిపోదు, ఆ మార్పు ఎవరి ఏ పని కోసం చేశారో కోడ్ చెప్పదు. నోటు పుస్తకం చెబుతుంది. ప్రతి పేజీ తిరగేసి ఆ మనిషిని మళ్ళీ అడగండి: "అప్పుడు మీరు అడిగారు, ఇప్పటికీ ఆ పని చేస్తున్నారా?" కువైట్ ఆవిడ ఊరికి తిరిగొచ్చేసి ఉండొచ్చు, కానీ ఆవిడ అడిగిన ఒక్క పేజీ ఇప్పుడు ఇంకెందరో వాడుతుంటారు. పురోహితుడు సంవత్సరం పేరుతో వెతకడం మానేసి, నేరుగా మాస్టారికి ఫోన్ చేస్తుండొచ్చు. అలా అయితే ఆ గడి మళ్ళీ పెట్టేముందు, ఆయన ఎందుకు మానేశారో కనుక్కుని, తేదీ వేసి, అదే పేజీలో కింద రాసుకోండి.